పాతిన కేబుల్‌లో ఫాల్ట్: పార పట్టేముందు మీటరు పట్టాలి

తోటలో లైట్లు వెలగవు, గేటు మోటారు కదలదు, లేదంటే వాన పడిన ప్రతిసారీ ఇల్లంతా కరెంటు పోతుంది. అందరి చూపూ ముందు నేల మీదికే వెళ్తుంది. లోపల ఎక్కడో తీగ తెగిందని అనుకుని తవ్వకం మొదలుపెడతారు. మంచి కేబుల్ తగిన లోతులో కదలకుండా పడి ఉంటే అంత తేలిగ్గా చెడదు. చెడేవి ఎక్కువగా దాని చివర్లు, అతుకులు: లైటు స్తంభం అడుగున ఉన్న కనెక్టర్, నీళ్లు చేరిన జంక్షన్ బాక్స్, ఎప్పుడో టేపు చుట్టి మట్టి కప్పేసిన జాయింట్. కాబట్టి పైన కనిపించేవన్నీ చూశాక, మీటరు వేలు పెట్టి చూపించిన చోట మాత్రమే తవ్వాలి.

ఈ పనిలో కొన్ని భాగాలు ఎవరైనా చేయగలిగినవే. బోర్డు విప్పడం, మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) పెట్టడం, జాయింట్ వేయడం అలవాటు లేనివాళ్లు ఆ భాగాలు ఎలక్ట్రీషియన్‌కు వదిలేసి, ఏం కొలవమని అడగాలో, ఏ రీడింగ్ రాసిపెట్టమని చెప్పాలో ఇందులో చూసుకోవచ్చు.

కరెంటు నిజంగా పోయిందా

స్తంభాన్నో, గేటునో తాకితే జివ్వుమన్నా, తడి నేల మీద కాళ్లకు చురుక్కుమన్నా వెంటనే అక్కడి నుంచి దూరంగా వెళ్లి మెయిన్ ఆపేయండి. ఆ సర్క్యూట్‌ను "ఇంకోసారి వేసి చూద్దాం" అనుకోవద్దు. లీకయ్యే చోటు చుట్టూ తడి నేలలో అడుగు అడుగుకూ వోల్టేజీ మారుతుంది. చెప్పులు లేకుండా తిరిగే పిల్లలకు, నాలుగు కాళ్లు నేలకు ఆనే పశువులకు అది మరింత ప్రమాదం.

పని మొదలుపెట్టేటప్పుడు ఒక్క ఎంసీబీ (బోర్డులో ఆ సర్క్యూట్ బ్రేకర్ స్విచ్) దించడం సరిపోదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. మెయిన్ ఆపాలి. ఇన్వర్టర్, జనరేటర్, సోలార్ ఉంటే వాటి నుంచి వెనక్కి కరెంటు రాకుండా వాటినీ విడదీయాలి. దించిన స్విచ్‌కు తాళమో, కనీసం టేపూ చీటీనో పెట్టాలి. తరవాత మీటరును ముందు కరెంటున్న ఒక సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని చూసి, మీ తీగల మీద చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. ఈ మూడో చూపు ఎందుకంటే, మధ్యలో మీటరు ప్రోబు తీగ ఊడినా అది సున్నానే చూపిస్తుంది. బల్బు వెలిగే స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను ఇక్కడ నమ్మకండి. ఎండలో దాని వెలుగు కనపడదు, ఎండిన రబ్బరు బూట్లు వేసుకుంటే అసలు వెలగకపోవచ్చు.

లక్షణమే సగం చెబుతుంది

ఎంసీబీ పైకి ఎత్తగానే టప్పున పడిపోతే ఫేజు, న్యూట్రల్ ఒకదానికొకటి తగిలాయని అర్థం, లేదా ఫేజు నేరుగా ఎర్త్‌కు తగిలింది. కాసేపు నడిచి పడిపోతే లోడు ఎక్కువైంది, లేదా మోటారు పట్టేసింది. అప్పుడు తప్పు కేబుల్‌ది కాదు.

ఎంసీబీ నిలబడి ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే పడిపోయే బ్రేకర్) మాత్రం పడిపోతుంటే లీకేజీ ఉంది. ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడిపోవచ్చు. 230 వోల్టుల దగ్గర 15 మిల్లీ ఆంపియర్లు కారడానికి సుమారు 15 కిలో ఓమ్‌ల దారి చాలు. తడిసిన ఒక్క కనెక్టర్ ఆ పని చేసేస్తుంది. అదీ కాక, నాలుగైదు లైట్లలో తలా కాస్త కారినా మొత్తం కలిసి ఆర్‌సీసీబీని పడగొడతాయి. అందుకే "ఏ లైటు తీసినా సమస్య పోతోంది" అనే వింత కనిపిస్తుంది. వానకు పడిపోయి, రెండ్రోజుల ఎండకు నిలబడుతోందంటే తడి చేరుతున్నది పైనున్న బాక్సులోనో ఫిట్టింగులోనో కావచ్చు. లోతులోని మట్టి అంత త్వరగా ఆరదు.

తోట ఎంసీబీ దించి ఉన్నా ఆర్‌సీసీబీ పడిపోతుంటే చాలామంది తోట వైరింగ్‌ను వదిలేసి ఇంట్లో వెతుకుతారు. అక్కడే పొరపాటు. సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను తెంచదని పైన చెప్పుకున్నాం. బయట న్యూట్రల్ నేలకు తగిలి ఉంటే, ఇంట్లో ఫ్రిజ్ నడిచినప్పుడు దాని కరెంటులో కొంత ఆ దారిన పోతుంది, ఆర్‌సీసీబీ పడిపోతుంది. మెయిన్ ఆపి, బోర్డులో తోట సర్క్యూట్ న్యూట్రల్‌ను కూడా విప్పి, మళ్లీ ఎత్తి చూడండి. నిలబడితే దోషి దొరికినట్టే.

లైట్లు మసకగా ఉన్నా, మోటారు మూలుగుతూ తిరిగినా అతుకు వదులైంది. దీన్ని లెక్కతో చూడొచ్చు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 7.41 ఓమ్‌లు. 40 మీటర్ల దూరమంటే పోనూ రానూ 80 మీటర్లు, దాదాపు 0.6 ఓమ్. 8 ఆంపియర్ల లోడు మీద అందులో పోవాల్సింది 5 వోల్టుల లోపే. బోర్డు దగ్గర 230 ఉండి అవతలి కొస 205 చూపిస్తే, మిగతా 20 వోల్టులు ఏదో ఒక జాయింట్‌లో పోతున్నాయి. 20 వోల్టులు, 8 ఆంపియర్లు అంటే 160 వాట్ల వేడి ఆ చిన్న అతుకులో. అది త్వరలోనే కాలిపోతుంది. ఈ కొలత కరెంటు ఉండగా తీసేది కాబట్టి చేయి తిరిగినవాళ్లే తీయాలి.

ఇంకొక మాయ ఉంది. తెగిపోయిన తీగ మీద కూడా డిజిటల్ మీటరు 60, 90, 110 వోల్టులని చూపిస్తుంది. పక్కనే కరెంటున్న తీగ నుంచి కెపాసిటెన్స్ (తగలకుండానే దగ్గరి తీగల మధ్య ఛార్జ్ పట్టే గుణం) వల్ల వచ్చే నీడ వోల్టేజీ అది. ఒక పాత ఫిలమెంట్ బల్బు తగిలిస్తే వెంటనే సున్నా అవుతుంది.

తవ్వని చోట్లు ముందు చూడండి

ఇటీవల తోటలో ఏం జరిగిందో అడగండి: మొక్క నాటారా, కంచె గుంజ పాతారా, నీళ్ల పైపు వేశారా? గునపం తగిలిన రోజే కేబుల్ చావదు. పైతొడుగు మీద చిన్న గాటు పడుతుంది, నీరు నెమ్మదిగా లోపలికి దిగుతుంది, నెలల తరవాత ఫాల్ట్ బయటపడుతుంది. అందుకే ఎప్పుడో చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తరవాత ప్రతి బాక్సూ, ప్రతి ఫిట్టింగూ విప్పండి. రాగి మీద ఆకుపచ్చ చిలుము, అల్యూమినియం మీద తెల్లటి పొడి, నల్లగా మాడిన కనెక్టర్, చీమల గూడు, బాక్సు అడుగున నీళ్ల చార కనిపిస్తాయేమో చూడండి. కేబుల్ బాక్సులోకి దూరే చోట బిగించే గ్లాండ్ వదులుగా ఉంటే నీరు కేబుల్ వెంటే దిగుతుంది. పీవీసీ పైపు నీళ్లు రానివ్వదనుకోవడం భ్రమ. పగలూ రాత్రీ వేడి మారుతుంటే లోపలి గాలిలోని తేమ నీరుగా మారి అందులోనే నిలుస్తుంది. పైపు లోపల ఎప్పుడూ నీళ్లుంటాయనే అనుకుని కేబుల్ ఎంచాలి. ఇంటి గోడల్లో వేసే మామూలు సింగిల్ వైర్లు అందులో లాగి ఉంటే, ఒకచోట బాగుచేసినా మరోచోట పోతాయి.

రాగి తీగను అల్యూమినియం తీగతో నేరుగా మెలిపెట్టిన చోటు కనిపిస్తే మిగతావి వదిలి ముందు దాన్నే అనుమానించండి. తడి తగలగానే అల్యూమినియం తినుకుపోతుంది. దానికి రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టర్ ఉండాలి.

మెగ్గర్ లేకుండా లీకేజీ తేలదు

మల్టీమీటరు ఓమ్స్‌లో కొలిచేది కొద్ది వోల్టులతో. ఆ వోల్టేజీకి నోరు విప్పని లీకేజీ 230కి బుసలు కొడుతుంది. కాబట్టి 500 వోల్టుల డీసీ మెగ్గర్ కావాలి.

ముందు రెండు కొసలా కేబుల్‌ను విడదీయండి. లైట్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, టైమర్లు, సెన్సర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు అన్నీ వేరు చేయాలి. లేకపోతే 500 వోల్టులు వాటిని కాల్చేస్తాయి, లేదా అవే రీడింగ్‌ను పాడుచేస్తాయి. అవతలి కొస దగ్గర ఎవరూ తాకకుండా మనిషిని పెట్టండి. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య ఒక నిమిషం పెట్టండి. తరవాత ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య. ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య విడివిడిగా కూడా రాసుకుంటే ఏ కోర్ (కేబుల్ లోపలి తీగ) చెడిందో తెలుస్తుంది. కొలిచిన ప్రతిసారీ కేబుల్‌ను డిశ్చార్జ్ చేయాలి. పొడవాటి కేబుల్ కెపాసిటర్‌లా ఛార్జ్ పట్టుకుని ఉంటుంది, చేయి పెడితే గట్టిగానే కొడుతుంది.

1 మెగా ఓమ్ కనీస హద్దు. అయితే బాగున్న కేబుల్ వందల్లో చూపిస్తుంది. కాబట్టి 2 వస్తే "హద్దు దాటింది కదా" అని సంతోషించాల్సిందేమీ లేదు, ఎక్కడో తడి ఉంది. అంకె నిమిషంలో మెల్లగా పెరుగుతుంటే మంచిది. పెరిగి మళ్లీ పడుతూ ఊగుతుంటే, ఆ 500 వోల్టులకు లోపల తడి దారి తెరుచుకుంటోంది.

తీగ తెగిందేమో చూడాలంటే అవతలి కొసలో ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి ఇవతల ఓమ్స్ కొలవండి. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి వచ్చే 0.2 లేదా 0.3ను తీసేయాలి. పైన చెప్పిన 40 మీటర్ల కేబుల్‌కు 0.6 దగ్గర రావాలి. 3 వస్తే అతుకు చెడింది, ఏమీ రాకపోతే తెగింది. ఎర్త్ కోర్‌ను, కేబుల్ ఆర్మర్‌ను (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు కవచాన్ని) కూడా ఇలాగే చూడండి. అవి తెగి ఉన్నా లైట్లు మామూలుగానే వెలుగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మధ్యలో బాక్సులుంటే పని సులువు. సరిగ్గా నడిమి బాక్సు దగ్గర కేబుల్ విడదీసి రెండు వైపులా మెగ్గర్ పెట్టండి. చెడిన సగాన్ని మళ్లీ సగం చేయండి. ఎనిమిది ముక్కల లైన్ అయినా మూడు కొలతల్లో ఒక ముక్కకు వస్తారు. ఆ ముక్క పైపులో ఉండి, పైపు బాగుంటే ఇక వెతకడం దండగ: పాత కేబుల్‌కే కొత్తది కట్టి లాగేయడం మేలు.

ఎన్ని మీటర్ల దూరంలో

పైపు లేకుండా నేరుగా పాతిన కేబుల్‌లోనే అసలు పని. ముందు అది ఏ దారిన పోయిందో తెలియాలి. సిగ్నల్ పంపే కేబుల్ లొకేటర్‌ను తీగకు తగిలించి, రిసీవర్‌తో నేల మీద నడుస్తూ సున్నపు గీత గీసుకోండి. కేబుల్ పొడవు ఈ గీత మీదే కొలవాలి, సూటి దూరం తీసుకుంటే లెక్క తప్పుతుంది. బాక్సుల దగ్గర పైకి లేచిన ముక్కలు, చుట్టి వదిలిన మిగులు కూడా కలుపుకోవాలి.

రెండు తీగలు ఒకదానికొకటి తగిలి ఉంటే: అవతలి కొస తెరిచి ఉంచి, ఇవతల ఓమ్స్ కొలవండి. తరవాత ఇవతలి కొస తెరిచి, అవతల కొలవండి. ఫాల్ట్ దగ్గరి నిరోధం రెండు కొలతల్లోనూ ఉంటుంది కాబట్టి తేడా తీస్తే అది కొట్టుకుపోతుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసి, దాన్ని ఒక మీటరు పొడవు తీగ నిరోధానికి నాలుగు రెట్లతో భాగించి, కేబుల్ పొడవులో సగానికి కలపాలి. 30 మీటర్ల కేబుల్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుందాం. ఇవతల 0.90, అవతల 0.70 వచ్చాయి. తేడా 0.20. మీటరుకు 0.00741, నాలుగు రెట్లు 0.0296. భాగిస్తే 6.75. సగం 15కు కలిపితే ఇవతలి కొస నుంచి 21.75 మీటర్లు. తేడా మైనస్‌లో వస్తే సగంలోంచి తీసేయాలి.

ఇందులో 0.1 ఓమ్ తప్పు కొలిస్తే 3.4 మీటర్లు తప్పినట్టే. మామూలు మల్టీమీటరు చివరి అంకే అది. కనీసం 0.01 చూపించే మీటరు కావాలి, క్లిప్పులు గట్టిగా పట్టాలి. ఫాల్ట్ నిరోధం వందల ఓమ్‌లలో ఉండి కొలిచినప్పుడల్లా మారుతుంటే ఈ లెక్క పనికిరాదు.

తీగ తెగి ఉంటే కెపాసిటెన్స్ పట్టండి. చాలా మల్టీమీటర్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. తెగిన కోర్‌కూ బాగున్న కోర్‌కూ మధ్య రెండు కొసల నుంచీ కొలవండి. 40 మీటర్ల కేబుల్‌లో ఇవతల 1.8 నానో ఫారడ్, అవతల 3.0 వస్తే, మొత్తం 4.8లో 1.8 వంతు: ఇవతలి నుంచి 15 మీటర్లు. తెగిన చోట నీరు చేరి మెగ్గర్ రీడింగ్ కూడా తక్కువగా ఉంటే దీన్ని నమ్మకండి.

తీగ నేరుగా మట్టికి కారుతుంటే, రెండు కాళ్లు నేలలో గుచ్చి నడిచే, ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారపు ఫాల్ట్ లొకేటర్ పనికొస్తుంది. ఫాల్ట్ దాకా బాణం గుర్తు ముందుకు, దాటాక వెనక్కి చూపిస్తుంది. నేల మరీ ఎండిపోయి ఉంటే దారి మీద కాసిన్ని నీళ్లు చల్లండి. కేబుల్ పైపులో ఉంటే మాత్రం ఇది మోసం చేస్తుంది: సిగ్నల్ ఫాల్ట్ దగ్గర కాకుండా పైపు అతుకు వదులుగా ఉన్నచోట బయటికొస్తుంది.

తవ్వకం, జాయింట్

లెక్క చెప్పిన చోటికి ఇరువైపులా ఓ మీటరు చొప్పున గుర్తు పెట్టి, మెయిన్ ఆపి ఉంచే తవ్వండి. పక్కనే ఇంకో కేబులో, గ్యాస్, నీళ్ల పైపో ఉండొచ్చు. పై మట్టికి పార చాలు, గునపం వద్దు. ఇసుక, ఇటుకలు, హెచ్చరిక టేపు కనిపించాక చేత్తోనో తాపీతోనో తీయాలి. కేబుల్ తేలాక తడి గుడ్డతో తుడిచి చూస్తే గాటు, ఎలుక కొరుకు, చెట్టు వేరు నొక్కిన చోటు, సూది రాయి గుచ్చిన రంధ్రం తెలుస్తాయి.

కేబుల్ కోశాక రాగి పోగులు చూడండి. మిలమిల మెరవకుండా నల్లగా ఉంటే నీరు పోగుల మధ్య పాకింది. 15 నుంచి 30 సెంటీమీటర్ల చొప్పున కోస్తూ మెరిసే రాగి వచ్చేదాకా పోవాలి, తరవాత రెండు వైపులా మెగ్గర్ పెట్టాలి. ఇక్కడ కక్కుర్తి పడితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే గొయ్యి తవ్వాలి. ఇంత కోశాక కేబుల్ అందదు కనుక మధ్యలో అదే రకం ముక్క వేయాలి, అంటే రెండు జాయింట్లు. రెండు కొసలనూ నేల పైకి తెచ్చి, నీళ్లు చొరని బాక్సులో కలిపే వీలుంటే అదే మంచిది. ఎప్పుడైనా విప్పి చూసుకోవచ్చు.

నేలలోనే వేయాలంటే రెజిన్ పోసే కిట్ గానీ, లోపల జిగురున్న హీట్ ష్రింక్ కిట్ గానీ వాడాలి. పీవీసీ టేపు ఎన్ని చుట్లు చుట్టినా నీటిని ఆపదు. హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) అయితే, క్రింప్ చేసే (తీగల కొసలను లోహపు గొట్టంలో పెట్టి నొక్కే) ముందే చిన్న గొట్టాలన్నీ కోర్లకు, పెద్ద గొట్టం కేబుల్‌కు తొడిగి పక్కకు జరిపి ఉంచాలి. క్రింప్ అయ్యాక గుర్తొస్తే మళ్లీ కోయడమే గతి. కోర్ల అతుకులు పక్కపక్కన రాకుండా ఒక్కోటి 5 సెంటీమీటర్ల తేడాతో ఉండాలి. నొక్కే ఆ లోహపు గొట్టం, అంటే ఫెరూల్, తీగ సైజుకు సరిపోయేదే కావాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కితే లెక్కలోకి రాదు. క్రింప్ చేసి గట్టిగా లాగి చూడండి. గొట్టం ఇన్సులేషన్ మీదికి రెండు వైపులా 3 సెంటీమీటర్లు ఎక్కాలి. పైతొడుగును ఇసుక కాగితంతో గరుకుచేసి తుడిచి, నడిమి నుంచి కొసలకు వేడి పట్టించండి, లోపలి గాలి బయటికి పోతుంది. రెండు కొసల్లో చుట్టూ జిగురు వలయంలా కారితేనే అది మూసుకున్నట్టు. ఒక వైపు కారి ఇంకో వైపు కారకపోతే, కారని వైపు ఇంకాస్త వేడి చూపించాలి. ఆర్మర్డ్ కేబుల్ అయితే పెద్ద గొట్టం జరిపే ముందు ఆర్మర్‌ను రెండు వైపులా రాగి జడతో, క్లిప్పులతో కలపడం మరవద్దు. ఎర్త్ కొనసాగింపు దాని మీదే ఆధారపడి ఉండొచ్చు.

పని బాగా జరిగినా ఆ లైన్‌లో మిగతా ముక్కలు కూడా 2, 3 మెగా ఓమ్‌లు చూపిస్తుంటే జాయింట్ల మీద జాయింట్లు వేస్తూ పోవద్దు, మొత్తం మార్చండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బదులు 300 మిల్లీ ఆంపియర్లది పెట్టడం, దాన్ని తప్పించి లైన్ కలపడం మరమ్మతు కాదు. 300ది మనిషి ప్రాణానికి రక్షణ ఇవ్వదు.

మూసే ముందు

గొయ్యి తెరిచి ఉండగానే మెగ్గర్, ఓమ్స్ మళ్లీ చూసి, లోడు ఇచ్చి అరగంట నడపండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి. కేబుల్ కింద, పైన 8 సెంటీమీటర్ల చొప్పున రాళ్లు లేని ఇసుక, దాని మీద ఇటుకలో పలకలో, ఇంకో 30 సెంటీమీటర్ల పైన హెచ్చరిక టేపు. జాయింట్ దగ్గర కేబుల్ కాస్త వదులుగా వంపు తిరిగి ఉండాలి, మట్టి కుంగితే అతుకు లాగబడదు. జాయింట్ ఉన్న చోటికి కదలని రెండు గుర్తుల నుంచి, ఇంటి మూల, గేటు స్తంభం లాంటివాటి నుంచి, దూరం కొలిచి ఫోటో తీసుకోండి.

తేదీ, మెగ్గర్ రీడింగ్ ఒక చీటీ మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించండి. మొదటి పెద్ద వాన పడ్డ వారానికి మళ్లీ కొలిచి పక్కనే రాయండి. 200 మెగా ఓమ్‌లు ఉన్నది 150 అయితే ఫర్వాలేదు, తేమకూ వేడికీ ఆ మాత్రం మారుతుంది. 5కు దిగిందంటే కొత్త జాయింట్ నీరు తాగుతోంది, మట్టి ఇంకా మెత్తగా ఉండగానే విప్పండి.